మన గురించి ఒక పాఠం పెట్టమని అడగొచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటాం. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, వచ్చే ఏడాది హైస్కూలుకు వెళ్తుంది. రెండు నెలల క్రితం లంచ్ టైములో ఇద్దరు పిల్లలు దాని డబ్బా చూసి ముక్కు మూసుకుని, "మీ దేశానికి పో" అన్నారట. అక్కడే ఉన్న టీచరు ఏమీ అనలేదట. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో వచ్చే ఏడాది నుంచి తొమ్మిదో తరగతికి ఒక సెమిస్టర్ ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని వేర్వేరు జాతులవారి చరిత్ర చెప్పే కోర్సు) పెడతామన్నారు. ఇప్పుడు రాష్ట్రం డబ్బులివ్వలేదు, ఆపేద్దామా అని స్కూల్ బోర్డు ఆలోచిస్తోంది. ఆపొద్దని వెళ్లి మాట్లాడదామనుకుంటున్నాను. మావారేమో "హెచ్‌వన్‌బీ మీద ఉన్నాం, మనకెందుకీ గొడవ" అంటున్నారు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో కొందరు "ఆ క్లాసు వస్తే కంప్యూటర్ సైన్స్ పోతుంది, పైగా పిల్లల్ని రంగును బట్టి విడగొడతారు" అంటున్నారు. వెళ్లాలా? వెళ్తే ఏం మాట్లాడాలి? మన గురించి ఒక పాఠం పెట్టమని అడగొచ్చా?

సమాధానం: తప్పకుండా వెళ్లండి. అయితే బోర్డు మీటింగు కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి గడువుంది కాబట్టి అదే మొదట చెబుతాం.

మీ అమ్మాయికి జరిగినదాన్ని పిల్లల ఆటపట్టింపులే అని వదిలేయకండి. పుట్టిన దేశాన్ని పట్టుకుని వేధించడం కాలిఫోర్నియాలో వివక్ష కిందికి వస్తుంది. అలాంటిది కళ్లెదుట జరుగుతుంటే, తమకు ప్రమాదం లేనంతవరకు స్కూలు సిబ్బంది వెంటనే కలగజేసుకోవాలని రాష్ట్ర విద్యా చట్టంలోనే ఉంది. ఈ రాత్రి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తేదీ, పీరియడ్, ఎక్కడ, ఎవరున్నారు, ఏమన్నారు అన్నీ రాసిపెట్టండి. అన్న మాటలు ఇంగ్లిషులో ఎలా అన్నారో అలాగే రాయండి. తర్వాత ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెబితే రుజువుండదు. ఈమెయిల్లో "బుల్లీయింగ్ జరిగింది" అని మాత్రమే రాస్తే అది మామూలు క్రమశిక్షణ ఫైల్లోకి పోతుంది. "జాతి, పుట్టిన దేశం ఆధారంగా జరిగిన వేధింపు" అని రాయండి. వారం పది రోజుల్లో సరైన జవాబు రాకపోతే డిస్ట్రిక్ట్ ఆఫీసులో యూనిఫాం కంప్లయింట్ ప్రొసీజర్ (ఇలాంటి ఫిర్యాదులకు రాష్ట్రమంతటా ఒకేలా ఉన్న పద్ధతి) కింద ఫిర్యాదు ఇవ్వండి. ఘటన జరిగిన ఆరు నెలల్లోపు ఇవ్వాలి. మీకు ఇంకా నాలుగు నెలలున్నాయి. డిస్ట్రిక్ట్ 60 రోజుల్లో విచారించి రాతపూర్వకంగా నిర్ణయం చెప్పాలి. అది మీకు సమ్మతం కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర విద్యాశాఖకు అప్పీలు చేసుకోవచ్చు.

ఈ ఫిర్యాదును బోర్డు మీటింగులో మాట్లాడే మాటతో కలపకండి. అక్కడ ఆ పిల్లల పేర్లు, టీచరు పేరు ఎత్తకండి. మీటింగు వీడియో అందరూ చూస్తారు, మీ అమ్మాయిని తోటిపిల్లలు గుర్తుపడతారు. విద్యార్థుల వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి బోర్డువాళ్లు కూడా ఒక్క మాట జవాబు చెప్పలేరు.

ఇక కోర్సు సంగతి. "రాష్ట్రం రద్దు చేసింది" అని మీ గ్రూపులో ఎవరైనా అంటుంటే అది పొరపాటు. 2021 అక్టోబరులో గవర్నర్ సంతకం చేసిన ఏబీ 101 చట్టం ప్రకారం హైస్కూళ్లన్నీ 2025-26 నుంచి ఒక సెమిస్టర్ ఎత్నిక్ స్టడీస్ అందుబాటులో ఉంచాలి. 2029-30లో గ్రాడ్యుయేట్ అయ్యే పిల్లల నుంచి అది డిప్లొమాకు తప్పనిసరి. కాకపోతే ఆ చట్టంలోనే ఒక షరతు ఉంది: శాసనసభ ఇందుకోసం నిధులు కేటాయించినప్పుడే నిబంధన అమల్లోకి వస్తుంది. 2025-26 బడ్జెట్లో ఆ నిధులు పెట్టలేదు. అంటే చట్టం పుస్తకంలో ఉంది, బలవంతం మాత్రం లేదు. మీ డిస్ట్రిక్ట్ తన డబ్బుతో ఆ కోర్సు పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. బోర్డు ముందున్న ప్రశ్న పూర్తిగా స్థానికమైనది. అందుకే అక్కడికి వచ్చి మాట్లాడే తల్లిదండ్రులకు ఇంత విలువ.

మీవారి భయాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. వీసా మీద ఉన్న ఇంట్లో ఆ జంకు సహజం. కానీ నియమాలు తెలిస్తే సగం తగ్గుతుంది. స్కూల్ బోర్డు మీటింగులు బ్రౌన్ యాక్ట్ అనే కాలిఫోర్నియా బహిరంగ సమావేశాల చట్టం కింద నడుస్తాయి. హాజరవడానికి, మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. వీసా ఏమిటని అడగరు. హాజరయ్యేందుకు పేరు రాయాలన్న షరతు కూడా పెట్టకూడదు. వీడియోలో కనిపించడం ఇష్టం లేకపోతే బోర్డు సభ్యులందరికీ ఈమెయిల్ పంపండి, అదీ పబ్లిక్ కామెంటే. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాం. గ్రీన్‌కార్డ్ రానివాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదు. స్కూల్ బోర్డు ఎన్నిక కూడా అందులోకే వస్తుంది. మీకు నచ్చిన అభ్యర్థి కోసం ఇంట్లో సమోసాల మీటింగు పెట్టి ఇరవై డాలర్లు వసూలు చేసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టండి. జీతం తీసుకోకుండా ఫోన్లు చేసిపెట్టడం, కరపత్రాలు పంచడం వంటివి చేయొచ్చు.

మీటింగుకు 72 గంటల ముందు అజెండా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో పెట్టాలి. దాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవండి. మీరు వెతికే అంశం "చర్చ" కింద ఉందా, "నిర్ణయం" కింద ఉందా, లేక కన్సెంట్ క్యాలెండర్లో ఉందా అన్నది ముఖ్యం. కన్సెంట్ క్యాలెండర్ అంటే బిల్లులు, కాంట్రాక్టులు, కోర్సుల మార్పులు అన్నీ మూటగట్టి చర్చ లేకుండా ఒకే ఓటుతో దాటించేసే జాబితా. కోర్సును చడీచప్పుడు లేకుండా తీసేసేదీ, అరకొరగా తయారైన కోర్సును దాటించేదీ సాధారణంగా అక్కడే. అది కనిపిస్తే ఆ అంశాన్ని విడిగా చర్చకు తీసుకోవాలని ముందురోజే బోర్డు సభ్యులకు రాయండి. అజెండాలో లేని అంశం మీద మీరు మాట్లాడితే బోర్డు వింటుందంతే, చర్చించకూడదు. మొహాలు చిట్లించుకుని కూర్చున్నారని నొచ్చుకోకండి.

మాట్లాడేందుకు ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. జనం ఎక్కువగా వస్తే అక్కడికక్కడే ఒక నిమిషానికి కుదిస్తారు. అందుకని రెండు కాగితాలు తీసుకెళ్లండి, ఒకటి సుమారు 220 ఇంగ్లిషు మాటలది, ఒకటి 110 మాటలది. మీ అత్తగారో అమ్మగారో ఇక్కడుండి, తెలుగులో మాట్లాడతానంటే ఇంకా మంచిది. అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని చట్టంలో ఉంది. మనవరాలి గురించి ఒక అమ్మమ్మ తెలుగులో మాట్లాడితే బోర్డు సభ్యులు ఫోన్లు పక్కనపెట్టి వింటారు.

కంప్యూటర్ సైన్స్ పోతుందన్న మాటలో నిజం ఉంది. రోజుకు ఆరో ఏడో పీరియడ్లు. చరిత్ర, ప్రభుత్వం, ఎకనామిక్స్ ఎలాగూ ఉన్నాయి. 2030-31లో గ్రాడ్యుయేట్ అయ్యేవారి నుంచి పర్సనల్ ఫైనాన్స్ కూడా ఒక సెమిస్టర్ తప్పనిసరి. మీ గ్రూపులో వాళ్లను "మీకు సామాజిక స్పృహ లేదు" అని కొట్టిపారేయకండి. ఏబీ 101లోనే ఉన్న దారిని చూపించండి. ఎత్నిక్ స్టడీస్‌ను వేరే సబ్జెక్టులో భాగంగా చెప్పొచ్చు. తొమ్మిదో తరగతి ఇంగ్లిష్‌లోనో, పదకొండో తరగతి అమెరికా చరిత్రలోనో కలిపి బోధిస్తే పిల్లలకు ఆ సబ్జెక్టు క్రెడిట్లూ వస్తాయి, ఎత్నిక్ స్టడీస్ నిబంధనా తీరుతుంది. కొత్త పీరియడ్ అక్కర్లేదు. కోర్సుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఎ-జి (అక్కడ సీటుకు హైస్కూల్లో చదవాల్సిన సబ్జెక్టుల జాబితా) ఆమోదం ఉందా, ఉంటే ఏ విభాగంలో అని కౌన్సెలర్‌ను అడగండి. చరిత్ర విభాగంలో ఉంటే ఒక విలువ, జి విభాగం ఎలక్టివ్‌గా ఉంటే మరొక విలువ. మా అభిప్రాయంలో మీరు బోర్డును అడగాల్సిన మొదటి కోరిక ఇదే. దీంతో వ్యతిరేకించేవాళ్లలో సగం మంది మీవైపు వస్తారు.

పిల్లల్ని విడగొడతారన్న భయానికి జవాబు క్లాసులో ఏం చెబుతారన్నదాని మీద ఉంటుంది. మంచి కోర్సు ఎలా ఉంటుందో ఒక పాఠంతో చెబుతాం. మన పిల్లలకు సూటిగా తగిలేదే తీసుకుందాం.

అమెరికా 1790లో చేసిన చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవారిలో "స్వేచ్ఛ కలిగిన తెల్లవారు" మాత్రమే పౌరులు కాగలరు. అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. ఆసియావాళ్లు ఎటూ కాకుండా మిగిలారు. 1922 నవంబరులో జపాన్ నుంచి వచ్చిన టకావో ఒజావా కేసులో సుప్రీంకోర్టు "తెల్లవారు అంటే కాకేసియన్ జాతివారు" అని అతని అర్జీ కొట్టేసింది. అప్పటికే పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్ కేసు కోర్టులో ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆయన వాదన ఇది: ఆనాటి జాతిశాస్త్రం భారతీయులను కాకేసియన్లంటోంది, పైగా నేను అగ్రకులస్థుడిని, ఆర్యుణ్ణి, కాబట్టి నేనూ తెల్లవాడినే. 1923 ఫిబ్రవరి 19న అదే కోర్టు, ఒజావా తీర్పు రాసిన అదే న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్ చేత, శాస్త్రం ఏమన్నా సరే, మామూలు జనం దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అని చెప్పించింది. మూడు నెలల్లో నిర్వచనం తలకిందులైంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి కూడా దాన్ని వెనక్కి లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణోదాస్ బగాయ్ అలా పౌరసత్వం పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆ కుటుంబం అంతకుముందు బర్కిలీలో ఇల్లు కొనుక్కుంటే ఇరుగుపొరుగు వాళ్లు లోపలికి రానివ్వకుండా తాళం వేశారు. అదే ఊరి డౌన్‌టౌన్‌లో ఇప్పుడు ఆయన భార్య కళా బగాయ్ పేరిట ఒక వీధి ఉంది. మీ అమ్మాయిని ఒక ఆదివారం తీసుకెళ్లి చూపించండి.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు థింద్ తీర్పు వచ్చిన ఏడాదే అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. ఫోలిక్ యాసిడ్, కేన్సర్ మందు మెథోట్రెక్సేట్ పరిశోధనల వెనకున్న మనిషి ఆయన. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా, అంటే ఇరవై రెండేళ్లకు పైగా, ఈ దేశంలో పౌరుడయ్యే హక్కే ఆయనకు లేదు. ఆ చట్టం తెరిచిన తలుపు కూడా ఏడాదికి 100 మంది భారతీయులకే. మన ఇంజనీర్లు, డాక్టర్లు వేలల్లో రావడానికి దారి 1965 ఇమిగ్రేషన్ చట్టంతో పడింది. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటంతో 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చిన ఊపులోనే, అదే ఏడాది అక్టోబరులో అదీ వచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లలకు, తల్లిదండ్రులు ఏ జాతివారైనా, పౌరసత్వం ఉందని తేల్చింది 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు. ఆ మనిషి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనా వంటవాడు.

ఈ పాఠం చదివిన పిల్లలు ఎలా విడిపోతారు? పక్క సీట్లోని నల్లజాతి అబ్బాయి, చైనా అమ్మాయి, తన తల్లిదండ్రులు ఒకే దారంతో కుట్టుకున్నవాళ్లని తెలుస్తుంది. థింద్ తన కులాన్ని అడ్డుపెట్టుకుని తెల్లవాళ్ల గుమ్మంలోంచి ఒక్కడూ దూరాలనుకున్నాడన్నదీ తెలుస్తుంది. మన ఇళ్లలో కులం గురించి మాట్లాడుకోవాల్సిన మాటకు ఇంతకంటే సూటి మొదలు దొరకదు. అమ్మాయి అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలాతేలో హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినవాడు కూడా "నా దేశం నుంచి పో" అనే అరిచాడు. లంచ్ దగ్గర మీ అమ్మాయి విన్నదీ అదే మాట.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. మన గురించి పాఠం అడగొచ్చు. కొత్తగా రాయించక్కర్లేదు కూడా. 2021 మార్చిలో రాష్ట్ర విద్యామండలి ఆమోదించిన ఎత్నిక్ స్టడీస్ నమూనా పాఠ్యక్రమంలో దక్షిణాసియావాళ్ల గురించి, సిక్కుల గురించి నమూనా పాఠాలున్నాయి. "అందులోని దక్షిణాసియా పాఠాన్ని, థింద్ తీర్పును మా డిస్ట్రిక్ట్ కోర్సులో వాడండి" అని పేరుపెట్టి అడగండి. కానీ అది మీ చివరి కోరికగానే ఉండాలి. తెలుగువాళ్లు, హిందువులు తమ పేజీ కోసమే వచ్చారన్న ముద్ర పడితే మిగతా తల్లిదండ్రులు మీతో నిలబడరు. ఆ కోర్సుకు నాలుగు ప్రధాన భాగాలు: ఆఫ్రికన్ అమెరికన్లు, లాటినోలు, మూలవాసులు, ఆసియా-పసిఫిక్ దీవులవారు. ఆ నాలుగు వైపుల నుంచి ఒక్కొక్క తల్లినో తండ్రినో కలుపుకుని వెళ్లండి. మతం గురించి వాదన తేకండి. మత సిద్ధాంతాన్ని బోధించకూడదని చట్టమే చెబుతోంది. ఆ వాదన మొదలైతే సాయంత్రమంతా దానికే పోతుంది.

ఈ కోర్సులు చెడిపోయే తీరు కూడా తెలుసుకుని వెళ్లండి. మంచి మాటకు మద్దతిస్తున్నాం కదా అని ఏ కాగితమైనా ఒప్పుకోకూడదు. ఎక్కువగా చెడిపోయేది టీచర్ల దగ్గర. దీనికంటూ ప్రత్యేక టీచింగ్ లైసెన్స్ లేదు, ఖాళీ పీరియడ్ ఉన్న సోషల్ టీచరుకు అంటగట్టేస్తారు. ఎన్ని గంటల శిక్షణ ఇస్తారు, వేసవిలో దానికి జీతం ఇస్తారా అని అడగండి. శిక్షణ లేని టీచరు తేలికైన పనికి దిగుతారు. పిల్లల్ని వరుసలో నిలబెట్టి "మీ నాన్న కాలేజీ చదివితే ఒక అడుగు ముందుకు" అనే ఆట ఆడిస్తారు. లేదంటే ఒక్క పిల్లను లేపి "మీవాళ్ల గురించి చెప్పు" అంటారు. ఇలాంటివి పిల్లల్ని చిన్నబుచ్చుతాయి, మీ గ్రూపు భయపడుతున్నది వీటికే. తీర్పులు, పాత పత్రికలు, ఉత్తరాలు చదివించి చర్చ పెట్టే కోర్సులో ఆ ఇబ్బంది రాదు. సమోసా, చీర, హోలీతో సరిపెట్టే "కల్చర్ డే" మరో రకం చెడిపోవడం. అందులో చట్టం గురించి ఒక్క మాటా ఉండదు.

పాఠాలు చూసే హక్కు తల్లిదండ్రులుగా మీకుంది. సిలబస్, పుస్తకాల జాబితా చూపించమని ప్రిన్సిపాల్‌ను అడగండి. బయటి కన్సల్టెంటుకు ఎంత ఇచ్చారు, ఏం రాయించారు అన్నది పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. 10 రోజుల్లో జవాబివ్వాలి. అందులో ఒకటి చూడండి: నమూనా పాఠ్యక్రమం 2019 నాటి మొదటి ముసాయిదాలో పక్షపాతం ఉందన్న అభ్యంతరాలతో తీసేసిన భాగాలు వాడొద్దన్నది ఏబీ 101 ఉద్దేశం. మీ డిస్ట్రిక్ట్ కొన్న పాఠాల్లో అవి తిరిగి దూరాయేమో అడగండి. స్థానికంగా రాసుకున్న కోర్సును ఒక బహిరంగ మీటింగులో పెట్టి, తర్వాతి మీటింగులో జనం మాట విన్నాకే ఆమోదించాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఒకే రాత్రిలో ముగించేస్తుంటే ఆ సంగతి గుర్తుచేయండి.

పరిశోధన గురించి మాట్లాడితే కొలిచి మాట్లాడండి. శాన్‌ఫ్రాన్సిస్కో స్కూళ్ల మీద 2017లో థామస్ డీ, ఎమిలీ పెన్నర్ వేసిన పత్రం ప్రకారం, ఎనిమిదో తరగతిలో జీపీఏ (సగటు గ్రేడు) 2.0 కంటే తక్కువ ఉన్న పిల్లలు ఈ కోర్సు తీసుకుంటే హాజరు 21 శాతం పాయింట్లు, జీపీఏ 1.4 పాయింట్లు పెరిగాయి. చాలా పెద్ద ఫలితం. కానీ అది ఆ 2.0 గీత దగ్గరున్న పిల్లల మీద, బాగా తయారుచేసిన కోర్సు మీద వచ్చింది. "అందరి మార్కులూ పెరుగుతాయి" అని మీరంటే ఎదుటి పక్షంలో చదివినవాళ్లు లేచి మీ మాట మొత్తం కొట్టేస్తారు.

మీ కాగితం ఇలా ఉంటే చాలు. నా కూతురు వచ్చే ఏడాది మీ హైస్కూలుకు వస్తుంది అన్నది మొదటి వాక్యం. "మీ దేశానికి పో" అన్న మాట తను విన్నదని, ఎక్కడ, ఎవరు అని చెప్పకుండా, రెండో వాక్యం. థింద్ తీర్పు రెండు వాక్యాల్లో. తర్వాత మూడు కోరికలు: కోర్సును ఇంగ్లిష్ లేదా చరిత్రతో కలిపి కొనసాగించండి, టీచర్లకు శిక్షణ గంటలు రాతపూర్వకంగా చూపండి, నమూనా పాఠ్యక్రమంలోని పాఠాలు వాడండి. థాంక్యూ చెప్పి కూర్చోండి.

బోర్డు ఆపేస్తే రెండు దారులున్నాయి. ఒకటి, అదే కోర్సును ఎలక్టివ్‌గా ఉంచమనండి. చలికాలం చివర్లో కోర్సులు ఎంచుకునే ఫారాలు ఇస్తారు, పేర్లిచ్చిన పిల్లల లెక్క చూసే క్లాసు తెరుస్తారు. మీ గ్రూపు అప్పుడు పనికొస్తుంది. రెండు, డ్యుయల్ ఎన్రోల్‌మెంట్, అంటే హైస్కూల్లో ఉంటూనే కమ్యూనిటీ కాలేజీ కోర్సు తీసుకోవడం. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీల్లో డిగ్రీకి 3 యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ ఎలాగూ తప్పనిసరి. హైస్కూల్లో ఉండగానే అది పూర్తిచేయొచ్చు. ఎ-జి లెక్కలో 3 యూనిట్ల కాలేజీ కోర్సును హైస్కూల్ ఏడాది కోర్సుతో సమానంగా చూస్తారు. ఆ గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి తొమ్మిదిలో వద్దు, పదకొండో తరగతికి ముందు వేసవిలో చేయించండి.

డబ్బు లేదన్న సాకు వసంతకాలంలో మళ్లీ పరీక్షకు వస్తుంది. డిస్ట్రిక్ట్ ఖర్చుల ప్రణాళిక ఎల్‌క్యాప్‌ను జులై 1లోపు ఆమోదించాలి. అంతకుముందు బహిరంగ విచారణ ఒక మీటింగులో, ఓటు మరో మీటింగులో జరగాలి. ముసాయిదా బయటకు రాగానే టీచర్ల శిక్షణ అన్న పద్దు ఎక్కడుందో, అందులో ఎంత రాశారో చూసి, ఆ పేజీ నంబరుతో సహా మళ్లీ రాయండి.